చక్రాల లెక్క తప్పకుండా: దూరపు సెన్సర్లలో రొదను అడ్డుకునే పద్ధతులు

లోహపు వస్తువు దగ్గరికి వచ్చిందో లేదో తాకకుండానే కనిపెట్టే సాధనం ఇండక్టివ్ సెన్సర్. దాని లోపల ప్రధానంగా ఉండేది ఒక రాగి తీగచుట్ట. రైలు పట్టా పక్కన చక్రాలను లెక్కపెట్టేదీ, కార్ల కర్మాగారంలో రేకు సరైన చోట కూర్చుందో లేదో చూసేదీ ఈ జాతి పరికరాలే. పైపులో నీరెంత పారుతోందో కొలిచే విద్యుదయస్కాంత మీటరు కూడా ఈ సెన్సర్లలాగే విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం మీద నడుస్తుంది.

సెన్సర్, దాని సంకేతాన్ని చదివే యంత్రం ఒకేచోట ఉంటే పెద్ద చిక్కు లేదు. కానీ సెన్సర్ పట్టా పక్కనా, యంత్రం కిలోమీటర్ల దూరంలోని స్టేషన్‌లోనూ ఉంటే మధ్యలో పొడవాటి కేబుల్ తప్పదు. ఆ దారిలో ఉన్న విద్యుత్ లైన్లు, మోటార్లు, వెల్డింగు యంత్రాలు, రేడియో సెట్లు ఆ కేబుల్‌లో అక్కరలేని వోల్టేజీని పుట్టిస్తాయి. అసలు సంకేతాన్ని చెడగొట్టే ఈ రొదనే విద్యుదయస్కాంత జోక్యం అంటారు.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ సమస్యకు కారణమయ్యేవన్నీ దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వెళ్లే రైలుమార్గం మీద 25 కిలోవోల్టుల విద్యుత్ తీగ ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల కియా కర్మాగారం ఉంది. హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడ ఉంది. మడకశిర వైపు వెళ్తే బోరు మోటార్లు, హంద్రీ-నీవా బ్రాంచి కాలువ ఎత్తిపోతలు. వీటన్నిటి మధ్య ఒక చిన్న తీగచుట్ట పంపే బలహీనమైన సంకేతం చెడిపోకుండా గమ్యం చేరాలి. అందుకు ఎక్కువగా తోడ్పడేది ఖరీదైన ఎలక్ట్రానిక్స్ కంటే ముందు తీసుకునే జాగ్రత్త: రొదను లోపలికి రానిచ్చి వడకట్టడం కన్నా దారిలోనే ఆపడం తేలిక, చవక.

తీగచుట్ట ఎలా కనిపెడుతుంది

తీగచుట్ట గుండా పోయే అయస్కాంత బలరేఖలు మారితే అందులో వోల్టేజీ పుడుతుందని మైకేల్ ఫారడే 1831 ఆగస్టు 29న ప్రయోగం చేసి చూపాడు. ఇండక్టివ్ సెన్సర్లన్నిటికీ అదే పునాది. కర్మాగారాల్లో వాడే సాధారణ సెన్సర్ లోపలి తీగచుట్టలో సెకనుకు లక్షల సార్లు దిశ మార్చుకునే విద్యుత్ ప్రవహిస్తూ, సెన్సర్ ముందు చిన్న అయస్కాంత క్షేత్రాన్ని నిలుపుతుంది. ఆ క్షేత్రంలోకి ఇనుపముక్క వస్తే దానిలో సుడి ప్రవాహాలు పుడతాయి. అవి తీగచుట్టలోని శక్తిని కొంత లాగేసుకుంటాయి, డోలనం బలహీనపడుతుంది. ఆ మార్పును లోపలి సర్క్యూట్ పసిగట్టి 'లోహం ఉంది' అని చెబుతుంది.

ఈ రకం స్విచ్‌ను జర్మనీలోని మాన్‌హైమ్‌కు చెందిన పెప్పర్ల్ అండ్ ఫుక్స్ సంస్థ 1958లో రూపొందించింది. రసాయన కర్మాగారాల్లో మెకానికల్ స్విచ్చులు తుప్పుపట్టి మొరాయించడం వల్ల దాని అవసరం వచ్చింది. ఇటువంటి సెన్సర్ కనిపెట్టే దూరం సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లే. అల్యూమినియం, రాగి వంటి లోహాలకైతే ఆ దూరం ఇనుముతో వచ్చేదానిలో సగం కూడా ఉండదు. అంటే ఈ పరికరం చాలా చిన్న మార్పును చూసి పెద్ద నిర్ణయం తీసుకుంటుంది. రొద దాన్ని అంత సులువుగా మోసగించడానికి మూలకారణం ఇదే.

పట్టా పక్కన లెక్క

రెండు స్టేషన్ల మధ్య లైను మీద రైలు ఉందా, పోయిందా అన్నది సిగ్నల్ వ్యవస్థకు తెలియాలి. దీనికి వాడే సాధనాల్లో ముఖ్యమైనది యాక్సిల్ కౌంటర్. లైను ఒక కొసన లోపలికి వెళ్లిన ఇరుసులు ఎన్నో, రెండో కొసన బయటికి వచ్చినవి ఎన్నో లెక్కపెట్టి, రెండూ సరిపోతే లైను ఖాళీ అని తేలుస్తుంది. 22 బోగీల ఎక్స్‌ప్రెస్‌కు బోగీకి 4 చొప్పున 88 ఇరుసులు, డబ్ల్యూఏపీ-7 ఇంజన్‌కు 6, మొత్తం 94. ఒక్క ఇరుసు తేడా వచ్చినా లైను ఖాళీ అయినట్టు కాదు.

లెక్కపెట్టే చోట పట్టాకు బయటి వైపున ఒక ప్రసార తీగచుట్ట, లోపలి వైపున ఒక గ్రాహక తీగచుట్ట బిగిస్తారు. బయటి చుట్ట పుట్టించిన క్షేత్రం పట్టా చుట్టూ తిరిగి లోపలి చుట్టను చేరి అందులో చిన్న వోల్టేజీని పుట్టిస్తుంది. చక్రం వచ్చినప్పుడు దాని ఇనుప అంచు రెండు చుట్టల మధ్యకు వచ్చి బలరేఖల దారి మళ్లిస్తుంది. అప్పుడు గ్రాహక వోల్టేజీ దశ దాదాపు తలకిందులవుతుంది. వోల్టేజీ ఎంతుందన్నది చూసేకంటే దాని దశ మారిందా అన్నది చూడటం నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే ఎండకూ వానకూ వోల్టేజీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది గానీ దశ అంత తేలిగ్గా తిరగబడదు. పక్కపక్కనే రెండు జతల చుట్టలు ఉంటాయి. ఏ జత ముందు స్పందించిందో చూస్తే రైలు ఎటు వెళ్లిందో తెలుస్తుంది.

పాత అనలాగ్ యాక్సిల్ కౌంటర్లు 5 కిలోహెర్ట్జ్ మీద పనిచేసేవి. మన రైల్వేల్లోని డిజిటల్ రకాల్లో రెండు జతలకు 21, 23 కిలోహెర్ట్జ్ చొప్పున వేర్వేరు పౌనఃపున్యాలు వాడే నమూనాలున్నాయి. ఇంత పైకి ఎందుకు వెళ్లారో ఒక లెక్కతో తెలుస్తుంది. రైలు గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకు సుమారు 30 మీటర్లు కదులుతుంది. చక్రం ప్రభావం పట్టా పొడవునా 30 సెంటీమీటర్ల మేర ఉంటుందనుకుంటే, దాని సంకేతం సెకనులో 100వ వంతు సేపే ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే అందులో ఒక్కో అర్ధచక్రం నిడివి కూడా సరిగ్గా సెకనులో 100వ వంతు. చక్రం గుర్తూ కరెంటు రొదా ఒకే నిడివిలో ఉన్నప్పుడు మామూలు వడపోతతో వాటిని విడదీయడం కుదరదు. చక్రం గుర్తును 21 కిలోహెర్ట్జ్ తరంగం మీద ఎక్కిస్తే అదే వ్యవధిలో 210 డోలనాలు వస్తాయి. గ్రాహకం ఆ పౌనఃపున్యాన్ని మాత్రమే వింటుంది, 50 హెర్ట్జ్‌ను పట్టించుకోదు.

రొద వచ్చే నాలుగు దారులు

సెన్సర్ కేబుల్‌లోకి రొద నాలుగు దారుల్లో వస్తుంది. ఏది ఏ దారిన వస్తోందో తెలియకుండా మందు వేస్తే పనిచేయదు.

మొదటిది అయస్కాంత ప్రేరణ. పక్కనున్న తీగలో ప్రవాహం మారుతూ ఉంటే దాని క్షేత్రం సెన్సర్ తీగల మధ్య ఖాళీ గుండా పోయి వోల్టేజీని పుట్టిస్తుంది. ఒంటరి తీగలో 100 ఆంపియర్లు పోతుంటే మీటరు దూరంలో క్షేత్రం 20 మైక్రోటెస్లాలు ఉంటుంది. సెన్సర్ పోవు తీగ, రాక తీగ 10 సెంటీమీటర్ల ఎడంతో దానికి సమాంతరంగా 100 మీటర్లు నడిస్తే వాటి మధ్య వైశాల్యం 10 చదరపు మీటర్లు, అందులో పుట్టే వోల్టేజీ సుమారు 63 మిల్లీవోల్టులు. అవే తీగలను 2 మిల్లీమీటర్ల ఎడంతో కలిపి లాగితే అది 1.3 మిల్లీవోల్టులకు పడిపోతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా రొద 50వ వంతుకు తగ్గింది.

రెండోది కెపాసిటెన్స్ దారి. దగ్గరగా ఉన్న రెండు తీగలు, మధ్యలో గాలి లేదా ప్లాస్టిక్ ఉంటే అవి చిన్న కెపాసిటర్‌గా పనిచేస్తాయి. మోటారు వేగాన్ని అదుపుచేసే, 415 వోల్టుల కరెంటుతో నడిచే డ్రైవు లోపల 587 వోల్టుల డీసీ తయారవుతుంది. దాన్ని ట్రాన్సిస్టర్లు సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతాయి. ఆ వోల్టేజీ 100 నానోసెకన్లలో ఎగిరితే, రెండు కేబుళ్ల మధ్య 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ మాత్రమే ఉన్నా దాని గుండా ఆ క్షణంలో అర ఆంపియర్‌కు పైగా ప్రవాహం దూకుతుంది. మిల్లీఆంపియర్ల మీద బతికే సెన్సర్‌కు అది పిడుగుపాటే.

మూడోది ఉమ్మడి దారి, ముఖ్యంగా ఎర్త్. రెండు చోట్ల భూమికి కలిపిన కేబుల్‌లో, ఆ రెండు చోట్ల భూమి వోల్టేజీ ఒకటి కాకపోతే తేడా ప్రవాహం కేబుల్ గుండానే పోతుంది. విద్యుదీకరించిన రైలుమార్గంలో ఇంజన్ వాడిన కరెంటు పట్టాల గుండా, భూమి గుండా తిరిగి వెళ్తుంది కాబట్టి పట్టా దగ్గరి ఎర్త్, స్టేషన్ దగ్గరి ఎర్త్ సమానంగా ఉంటాయని అనుకోవడానికి లేదు.

నాలుగోది రేడియో తరంగాలు. 5 వాట్ల వాకీటాకీ నుంచి మీటరు దూరంలో విద్యుత్ క్షేత్రం మీటరుకు 12 నుంచి 15 వోల్టుల దాకా ఉంటుంది. పారిశ్రామిక పరికరాలను సాధారణంగా మీటరుకు 10 వోల్టుల క్షేత్రంలో పరీక్షించి పాస్ చేస్తారు. అంటే తెరిచి ఉంచిన జంక్షన్ బాక్స్ పక్కనే నిలబడి వాకీటాకీ నొక్కితే, పరీక్షలో నెగ్గిన పరికరం కూడా తడబడవచ్చు.

రాతినేల అదనపు బరువు

డబ్ల్యూఏపీ-7 ఇంజన్ సామర్థ్యం 6,350 హార్స్‌పవర్. పూర్తి శక్తితో లాగేటప్పుడు 25 కిలోవోల్టుల తీగ నుంచి అది సుమారు 200 ఆంపియర్లు తీసుకుంటుంది. 2023 సెప్టెంబరు 24న మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ లాంటి రైళ్లలోనైతే మోటార్లు, వాటి కన్వర్టర్లు బోగీల కిందే పరుచుకుని ఉంటాయి. అవి పట్టా పక్కన ఉన్న సెన్సర్ మీదుగానే పోతాయి. రైళ్ల విద్యుత్ పరికరాలు యాక్సిల్ కౌంటర్లను కలవరపెట్టకుండా ఉండటానికి యూరప్‌లో ఈఎన్ 50238 అనే ప్రమాణాల వరుసే ఉంది.

తీగలోని ప్రవాహం, తిరుగు ప్రవాహం పక్కపక్కనే ఉంటే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. రైల్వేలో ప్రవాహం పైన తీగలో పోయి, కొంత పట్టాల్లో, కొంత భూమిలో తిరిగివస్తుంది. భూమిలో పోయే భాగం ఎంత లోతున పోతుందన్నది నేల స్వభావాన్ని బట్టి ఉంటుంది. తడి ఒండ్రునేలలో అది పైపైనే పోతుంది. అనంతపురం, మడకశిర ప్రాంతపు గ్రానైటు రాతినేల, దాని మీది పలచని ఎర్రమట్టి విద్యుత్తును సరిగా పోనివ్వవు. అందువల్ల తిరుగు ప్రవాహం లోతుకు దిగి విశాలంగా పరుచుకుంటుంది. పైతీగకూ దానికీ ఎడం పెరిగేకొద్దీ లైను పక్కన పాతిన కేబుల్‌లో ప్రేరణ కూడా పెరుగుతుంది.

రైలు తీగకూ సిగ్నల్ కేబుల్‌కూ మధ్య అన్యోన్య ప్రేరణ కిలోమీటరుకు అర మిల్లీహెన్రీ అనుకుంటే, 200 ఆంపియర్ల వల్ల కేబుల్‌లో కిలోమీటరుకు 31 వోల్టులు పుడతాయి. 5 కిలోమీటర్లకు అది 150 దాటుతుంది. కేబుల్ పొడవునా అడ్డులేకుండా పోగయ్యే ఈ వోల్టేజీ సంకేతాన్నే కాదు, కేబుల్ మీద పనిచేసే మనిషినీ దెబ్బతీయగలదు.

అదే రాతినేలతో రెండో ఇబ్బంది ఎర్తింగు. ఎండాకాలంలో తేమ ఆరిపోయిన రాతిలో ఒక్క కడ్డీ పాతితే ఎర్త్ నిరోధం తగ్గదు. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసే పాత పద్ధతికి బదులు ఇప్పుడు బెంటొనైటు లాంటి తేమ నిలిపే పొడులతో నింపిన గుంతల్లో రాగిపూత కడ్డీలు పాతి, నాలుగైదింటిని భవనం చుట్టూ వలయంగా కలుపుతున్నారు. రైల్వే ఎలక్ట్రానిక్ సిగ్నలింగ్‌లో ఇలాంటి వలయపు ఎర్త్ సర్వసాధారణం.

ముందు తీగ దారి సరిచేయాలి

రొదను తగ్గించే పనుల్లో మొదటిది కేబుల్ ఎక్కడ నడవాలో నిర్ణయించడం. సెన్సర్ కేబుల్‌ను మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో వేయకూడదు. కనీసం 20–30 సెంటీమీటర్ల ఎడం, మధ్యలో లోహపు అడ్డు ఉంటే మేలు. రెండూ దాటుకోక తప్పకపోతే లంబకోణంలో దాటాలి, అలా దాటితే ప్రేరణ దాదాపు సున్నా. సమాంతరంగా నడిచే పొడవు ఎంత తగ్గితే అంత మంచిది.

రెండోది పోవు తీగనూ రాక తీగనూ మెలివేయడం. టెలిఫోన్ లైన్లలో రొదను తగ్గించడానికి మెలివేసిన తీగజతకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. మెలిక పడిన ప్రతిచోటా తీగలు చోటు మార్చుకుంటాయి కాబట్టి, ఒక మెలికలో పుట్టిన వోల్టేజీని తర్వాతి మెలిక రద్దు చేస్తుంది. రైల్వే సిగ్నలింగ్‌లో వాడే క్వాడ్ కేబుల్‌లో 0.9 మిల్లీమీటర్ల రాగి తీగలు నాలుగేసి చొప్పున నక్షత్రంలా మెలితిరిగి ఉంటాయి, ఎదురెదురుగా ఉన్న తీగలను ఒక జతగా వాడతారు. పక్క జత నుంచి వచ్చే ప్రభావం ఈ జతలోని రెండు తీగల మీదా సమంగా పడుతుంది.

ఆ 'సమంగా' అన్నదే కీలకం. 150 వోల్టుల రొద రెండు తీగల్లోనూ ఒకే విధంగా వస్తే, రెంటి తేడాను మాత్రమే చూసే గ్రాహకానికి అది కనబడదు. రెండు తీగల మధ్య సమతూకం వెయ్యిలో ఒక వంతు తేడాతో ఉంటే 150 వోల్టులు 0.15 వోల్టుగా మాత్రమే మిగులుతుంది. కానీ ఒక తీగ కీలు దగ్గర తుప్పుపట్టినా, ఒక జత తీగను ఇంకో జతలోంచి తెచ్చి కలిపినా, వాన నీరు దిగి ఒకే తీగ ఇన్సులేషన్ పడిపోయినా ఈ సమతూకం దెబ్బతింటుంది. వానాకాలంలో మొదలై ఎండకు తగ్గే విచిత్రమైన సిగ్నల్ లోపాలకు చాలాసార్లు ఇదే కారణం.

రైల్వే వైపు నుంచి కూడా చికిత్స ఉంది. పైతీగకు దగ్గరగా స్తంభాల మీదే ఒక తిరుగు తీగ లాగి, 1:1 బూస్టర్ ట్రాన్స్‌ఫార్మర్లతో తిరుగు ప్రవాహాన్ని భూమిలోంచి ఆ తీగలోకి లాగుతారు. పోయే, వచ్చే ప్రవాహాలు దగ్గరవడంతో బయటి క్షేత్రం తగ్గుతుంది. 1957లో భారతీయ రైల్వేలు 25 కిలోవోల్టుల ఏసీ విధానాన్ని ఎంచుకున్నాక టెలిఫోన్ లైన్ల రక్షణకు ఈ పద్ధతిని విస్తారంగా వాడాయి. ఆప్టికల్ ఫైబర్ వచ్చాక దాని అవసరం తగ్గింది, ఎందుకంటే గాజుపోగులో కాంతికి అయస్కాంత ప్రేరణ సోకదు. సెన్సర్ పక్కనే లెక్క పూర్తిచేసి ఫలితాన్ని ఫైబర్ మీద పంపగలిగితే పొడవాటి రాగి కేబుల్ సమస్య చాలావరకు పోతుంది. సెన్సర్ నుంచి పెట్టె దాకా ఉండే కొన్ని మీటర్ల తీగ మాత్రం ఎలాగూ రాగిదే.

షీల్డు ఎప్పుడు పనిచేస్తుంది

తీగల చుట్టూ రాగి అల్లికో, అల్యూమినియం రేకో చుడితే రొద ఆగిపోతుందనే నమ్మకం సగమే నిజం. విద్యుత్ క్షేత్రాన్ని పలచని రేకు కూడా బాగా ఆపుతుంది, షరతు ఒక్కటే: అది ఎర్త్‌కు కలిసి ఉండాలి. అయస్కాంత క్షేత్రాన్ని ఆపాలంటే లోహం మందం ముఖ్యం. విద్యుదయస్కాంత తరంగం రాగిలోకి చొచ్చుకుపోయే లోతు 50 హెర్ట్జ్ దగ్గర 9 మిల్లీమీటర్లు దాటుతుంది. 21 కిలోహెర్ట్జ్ దగ్గర అర మిల్లీమీటరు కూడా ఉండదు, 1 మెగాహెర్ట్జ్ దగ్గర 0.07 మిల్లీమీటరు లోపే. కాబట్టి రేకు షీల్డు డ్రైవుల నుంచి, రేడియోల నుంచి వచ్చే వేగపు రొదను ఆపుతుంది గానీ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం దాని గుండా నేరుగా వెళ్లిపోతుంది. దానికి విరుగుడు దూరం, మెలిక, లేదా మందమైన ఇనుప గొట్టం.

పొడవాటి రైల్వే కేబుల్ సంగతి కొంచెం వేరు. దాని అల్యూమినియం తొడుగును రెండు కొసలా ఎర్త్ చేస్తే, రైలు తీగ వల్ల ఆ తొడుగులో కూడా ప్రవాహం పుట్టి, దాని క్షేత్రం అసలు క్షేత్రాన్ని ఎదిరిస్తుంది. పైన చుట్టిన ఇనుప కవచం ఆ ప్రభావాన్ని పెంచుతుంది. అయితే ఈ ప్రవాహం భూమి గుండానే చుట్టు పూర్తిచేయాలి. ఎర్త్ నిరోధం ఎక్కువగా ఉంటే ప్రవాహం తగ్గి తొడుగు ఉన్నా లేనట్టే. రాతినేలలో మంచి ఎర్త్ కోసం అంత శ్రమ పడటానికి అసలు కారణం ఇది.

కర్మాగారంలోని చిన్న కేబుళ్లలో షీల్డును ఎక్కడ కలపాలన్నది రొద రకాన్ని బట్టి ఉంటుంది. 50 హెర్ట్జ్ బాధ ప్రధానమై, రెండు కొసల ఎర్త్‌లు సమానంగా లేకపోతే ఒక కొసన, మామూలుగా యంత్రం వైపున, కలపడం మంచిది. మోటారు డ్రైవుల వేగపు రొద ప్రధానమైతే రెండు కొసలా కలపాలి. కలిపే తీరు కూడా ముఖ్యమే. షీల్డు అల్లికను మెలిపెట్టి తోకలా లాగి స్క్రూకు బిగిస్తే ఆ నాలుగంగుళాల తోకే వేగపు రొద ఎర్త్‌లోకి పోయే దారికి పెద్ద అడ్డంకిగా మారి షీల్డును పనికిరాకుండా చేస్తుంది. అల్లికను చుట్టూరా పట్టుకునే క్లాంపుతో లోహపు పలకకు నేరుగా బిగించడమే సరైన పద్ధతి.

రొద లేనిచోట సంకేతం

తీగ దారి సరిచేశాక మిగిలిన రొదను సంకేతం ఎంపికతో తప్పించుకోవచ్చు. వోల్టేజీకి బదులు ప్రవాహాన్ని సంకేతంగా వాడటం ఒక మార్గం. రసాయన పరిశ్రమల కోసం వచ్చిన నామూర్ రకం సెన్సర్‌కు రెండు తీగలే ఉంటాయి. 8.2 వోల్టులు ఇస్తే, లోహం ఎదురుగా ఉన్నప్పుడు అది 1.2 మిల్లీఆంపియర్ల కన్నా తక్కువ, లేనప్పుడు 2.1 కన్నా ఎక్కువ తీసుకుంటుంది. తీగ తెగితే ప్రవాహం సున్నా అవుతుంది, తీగలు అంటుకుంటే మితిమీరుతుంది. కాబట్టి కేబుల్ చెడిపోయిన సంగతి కూడా వెంటనే తెలిసిపోతుంది. కొలత విలువలను పంపే 4–20 మిల్లీఆంపియర్ల పద్ధతిలోని లాభమూ ఇదే.

నీటి పైపుల్లో వాడే విద్యుదయస్కాంత ఫ్లోమీటరు మరో మంచి ఉదాహరణ. పైపులో అయస్కాంత క్షేత్రం పెట్టి, పారే నీటిలో పుట్టే వోల్టేజీని రెండు ఎలక్ట్రోడ్లతో కొలుస్తారు. క్షేత్రం 5 మిల్లీటెస్లాలు, పైపు వ్యాసం 30 సెంటీమీటర్లు, నీటి వేగం సెకనుకు 1 మీటరు అయితే దొరికేది 1.5 మిల్లీవోల్టులే. సెన్సర్ గుంతలో, చదివే యంత్రం గోడ మీద ఉండి, పక్కనే పెద్ద పంపు నడుస్తుంటే ఈ 1.5 మిల్లీవోల్టులను కాపాడుకోవడం కష్టం. అందుకే చాలా మీటర్లలో క్షేత్రం దిశను సెకనుకు 6.25 ఆవృత్తుల చొప్పున అటూ ఇటూ మారుస్తారు. అప్పుడు ఒక ఆవృత్తి 160 మిల్లీసెకన్లు, అంటే 50 హెర్ట్జ్‌కు సరిగ్గా 8 చక్రాలు. కొలిచే సమయం కరెంటు చక్రాలకు పూర్ణసంఖ్య రెట్లు ఉంటే, రొదలోని పైభాగం కింది భాగంతో కలిసి సున్నా అవుతుంది, నీటి సంకేతం మాత్రం మిగులుతుంది. మన గ్రిడ్ నిర్దేశిత పరిధి 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ కాబట్టి, మంచి మీటర్లు తమ గడియారాన్ని సరఫరా కరెంటుకే కట్టేసుకుంటాయి.

వెల్డింగు పక్కన, డ్రైవుల పక్కన

కారు బాడీలో రేకులను స్పాట్ వెల్డింగుతో అతికేటప్పుడు సెకనులో కొంత భాగం సేపు సుమారు 10,000 ఆంపియర్లు పోతాయి. ఆ తీగకు 10 సెంటీమీటర్ల దూరంలో క్షేత్రం 20 మిల్లీటెస్లాల దాకా చేరుతుంది. మామూలు ఇండక్టివ్ సెన్సర్‌లో తీగచుట్టను ఫెర్రైటు కోరు మీద చుడతారు. ఇంత క్షేత్రంలో ఫెర్రైటు సంతృప్తమై తన గుణం కోల్పోతుంది, ఎదురుగా ఏమీ లేకపోయినా లోహం ఉన్నట్టు సెన్సర్ చెబుతుంది. అందుకని వెల్డింగు చోట్లకు కోరు లేని తీగచుట్టలతో చేసిన ప్రత్యేక సెన్సర్లు వాడతారు. వాటి ముక్కుకు నిప్పురవ్వలు అంటకుండా టెఫ్లాన్ లాంటి పూత ఉంటుంది. ఇక్కడ కేబుల్‌ను ఎంత కాపాడినా లాభం లేదు, రొద నేరుగా సెన్సర్ కంట్లోనే పడుతుంది కాబట్టి సెన్సర్‌నే మార్చాలి.

మోటారు డ్రైవుల దగ్గర మందు మూలం వైపు వేయాలి. డ్రైవు నుంచి మోటారుకు వెళ్లే కేబుల్ షీల్డుతో ఉండాలి, ఆ షీల్డు రెండు కొసలా చుట్టూరా క్లాంపు అవ్వాలి. ఇలా చేస్తే వేగపు ప్రవాహం భూమిలో తిరగకుండా తన కేబుల్‌లోనే వెనక్కి వెళ్తుంది. డ్రైవు వెలుపల వోల్టేజీ ఎగుడుదిగుడులను నెమ్మదింపజేసే ఫిల్టరు పెట్టడం, కాంటాక్టర్ కాయిళ్లకు నిప్పురవ్వలు ఆర్పే సర్క్యూట్ కలపడం కూడా మూలంలో చేసే పనులే. మడకశిర పల్లెల్లో బోరు స్టార్టరు, నీటిమట్టం సెన్సర్ ఒకే పెట్టెలో, ఒకే గొట్టంలో నడిచే చోట్ల ఈ రెండింటినీ విడదీస్తే చాలా ఇబ్బందులు తీరతాయి.

సెన్సర్ కేబుల్ యంత్రంలోకి దూరే చోట ఫెర్రైటు వలయం వేస్తే రెండు తీగల్లోనూ కలిసివచ్చే వేగపు రొద ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేదా ఆప్టోకప్లర్‌తో విద్యుత్ సంబంధం తెంపి సంకేతాన్ని మాత్రమే దాటిస్తే ఎర్త్ తేడాల బాధ పోతుంది. పిడుగుల కాలానికి సర్జ్ రక్షకాలు వేరుగా ఉండాలి, అవి రోజువారీ రొదను తగ్గించవు.

తప్పు వచ్చినా ప్రమాదం రాకుండా

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి రొద గెలుస్తుందని ఒప్పుకుని రూపొందించడమే మంచి వ్యవస్థ లక్షణం. డిజిటల్ యాక్సిల్ కౌంటర్‌లో చక్రాల లెక్క పట్టా పక్కనే జరుగుతుంది. లెక్క ఒక సందేశంగా కేబుల్ మీద వస్తుంది, ప్రతి సందేశానికీ చివర సరిచూసే అంకెలు జోడిస్తారు. దారిలో ఒక్క బిట్టు చెడినా ఆ అంకెలు కలవవు, సందేశం బుట్టదాఖలై మళ్లీ అడగాల్సి వస్తుంది. రెండు ప్రాసెసర్లు విడివిడిగా లెక్కించి ఒకే జవాబు చెబితేనే దాన్ని నమ్ముతారు.

అప్పటికీ లెక్క తప్పితే, వ్యవస్థ లైను ఖాళీ అని ఎన్నడూ చెప్పదు. 94 లోపలికి వెళ్లి 93 బయటికి వచ్చినట్టు కనిపిస్తే లైను మీద రైలు ఉన్నట్టే లెక్క. స్టేషన్ సిబ్బంది నిబంధనల ప్రకారం పరిశీలించి రీసెట్ చేసేదాకా ఎర్ర సిగ్నల్ మారదు. అందువల్ల ఇక్కడ రొదకు చెల్లించే మూల్యం ప్రమాదం రూపంలో కన్నా ఆలస్యం రూపంలో ఉంటుంది. ధర్మవరం లాంటి జంక్షన్‌లో గుంతకల్లు, బెంగళూరు, పాకాల వైపు లైన్లు కలుస్తాయి కాబట్టి ఒక సెన్సర్ చేసిన తప్పు వెనక చాలా రైళ్లు నిలబడతాయి. రాయదుర్గం–తుమకూరు కొత్త లైనుతో రైలు మార్గం చూడబోతున్న మడకశిరలాంటి చోట్ల కేబుల్ వేసే దశలోనే ఈ జాగ్రత్తలన్నీ తీసుకోగల వెసులుబాటు ఉంది.

లోపం వెతికే క్రమం

పనిచేస్తున్న సెన్సర్ ఉన్నట్టుండి తప్పు చెబితే వెతికే పనికి ఒక వరుస ఉంది. ముందు తప్పు ఎప్పుడు వస్తోందో రాసుకోవాలి: రైలు వచ్చినప్పుడా, మోటారు స్టార్టయినప్పుడా, వెల్డింగు పడినప్పుడా, వాన కురిసినప్పుడా. సమయమే మూలాన్ని చూపుతుంది. తర్వాత సెన్సర్‌ను దాని చోటులోనే ఉంచి, కొత్త చిన్న కేబుల్‌తో పక్కనే పెట్టిన యంత్రానికి కలపాలి. తప్పు పోతే దోషం కేబుల్ దారిలో ఉంది, పోకపోతే సెన్సర్ దగ్గరే ఉంది.

కేబుల్ దోషమైతే ప్రతి తీగ ఇన్సులేషన్, జతల సమతూకం, కీళ్లు, షీల్డు కనెక్షన్, ఎర్త్ నిరోధం ఈ వరుసలో కొలవాలి. ఎర్త్ కొలత వేసవి చివర తీసుకోవాలి, వానలు పడ్డాక తీసుకున్న అంకె రాతినేల అసలు స్వభావాన్ని చూపదు. ఇవన్నీ సరిగా ఉన్నాకే ఫిల్టర్లు, ఫెర్రైటు వలయాలు కొనాలి. ఈ క్రమం తలకిందులైతే పెట్టె నిండా పరికరాలు చేరతాయి, రొద మాత్రం అదే దారిన వస్తూనే ఉంటుంది.